గ్రూపులో పెట్టినాం గదా!

అనంతపురం పల్లెల్లో ఇప్పుడు వాట్సాప్ గ్రూపు లేని రైతు సంఘమో పొదుపు సమాఖ్యో వెతికినా దొరకడం కష్టం. విత్తనకాయలు ఇచ్చే తేదీ తెలియక ఎవరైనా సభ్యుడు రెండు రోజులు ఆలస్యంగా ఆఫీసు మెట్లెక్కితే కార్యదర్శి నోట వచ్చే మాట ఒకటే: "గ్రూపులో పెట్టినాం గదా, సూసుకోల్యా?" వినడానికి ఆ మాట న్యాయంగానే ఉంటుంది. సమాచారం దాచలేదు, అందరికీ ఒకేసారి పంపారు, సాక్ష్యంగా నీలం టిక్కులు కూడా ఉన్నాయి. అయినా ఇది తప్పుడు జవాబని, సంఘాన్ని లోపలి నుంచి తొలిచే జవాబని నా వాదన. సమాచారం చివరి సభ్యుడి దాకా చేర్చే బాధ్యత సంఘానిదే. గ్రూపు, పేజీ, చానల్ అన్నీ ఆ బాధ్యతకు పనిముట్లు మాత్రమే. ఈ వరస తలకిందులైన చోట కొన్నాళ్లకు గ్రూపు, ఆ వెనకే సంఘం, చేతిలో మంచి సెల్లూ నోట్లో మాటా ఉన్న పదిమంది సొత్తయిపోతాయి.

వ్యాపారి పేజీకీ సంఘం గ్రూపుకీ మూలంలోనే తేడా ఉంది. ధర్మవరంలో పట్టుచీరల దుకాణం వీడియోను పదివేల మంది చూసి వందమంది కొన్నా యజమానికి పండగే. చూడనివాళ్ల గురించి అతను బెంగపడనక్కర్లేదు. సంఘంలో మాత్రం ప్రతి సభ్యుడూ వాటాధనం కట్టిన యజమాని. 1995లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉద్దేశమే ప్రభుత్వ పెత్తనం తగ్గించి సంఘాన్ని సభ్యుల చేతిలో పెట్టడం. అదే ఏడాది మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార కూటమి ఏడు సూత్రాలను ఆమోదించింది. వాటిలో ఐదోది సభ్యులకు విద్య, శిక్షణ, సమాచారం అందించడం. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ పెంచి పోషించిన మహిళా పొదుపు సంఘాలు, 2008లో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం ఈ దారిలో నడిచినవే. ఇలాంటి సంఘంలో సమాచారం అందుకోవడం సభ్యుడి హక్కు. అందుకే పేజీని ఎంతమంది చూశారు, ఎన్ని లైకులు పడ్డాయి అన్న లెక్కలు సంఘానికి పెద్దగా పనికిరావు. విత్తనాల తేదీ తెలియకుండా మిగిలిపోయినవాళ్లు ఎందరన్నదే అసలు లెక్క.

ఆ మిగిలిపోయేవాళ్లు ఎవరు? 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం. పురుషుల్లో ఇది దాదాపు 49. ఆ లెక్క పాతదని, ఆ తర్వాత ఫోన్లు ఇంటింటికీ వచ్చాయని ఎవరైనా అంటే ఒప్పుకోవచ్చు. కానీ ఇంటికి ఫోను రావడం వేరు, ఆమె చేతికి రావడం వేరు. మహిళా పొదుపు సంఘం గ్రూపు తెరిచి నంబర్లు ఒక్కొక్కటీ చూడండి. పేరు మహిళల సంఘం, నంబర్లు భర్తలవి, కొడుకులవి, ఒక్కోసారి అల్లుడివి. సమావేశం మూడు గంటలకని కొడుకు బెంగళూరులో చదువుతాడు, అమ్మ చేనులో ఉంటుంది. దీనికి తోడు మాట్లాడేవాళ్ల సంఖ్య. ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి తొంభై మంది ఊరికే చూస్తారు, తొమ్మిది మంది అప్పుడప్పుడూ పలుకుతారు, మిగిలిన ఒక్కరే ఎక్కువ భాగం రాస్తారని వెబ్ వాడకం మీద పనిచేసిన జాకబ్ నీల్సన్ 2006లో చెప్పాడు. అది ఉజ్జాయింపు లెక్క అనుకున్నా, మన గ్రూపులు దాన్ని రోజూ రుజువు చేస్తూనే ఉన్నాయి. ఆ ఒక్కరి మాటే సంఘం మాటగా చలామణీ అయ్యే ప్రమాదం ఇక్కడే ఉంది.

సమాచారం చేరితే ఏమవుతుందో చూపించిన పాఠం ఈ నేల మీదే ఉంది. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బోర్లు ఎండిపోతున్న కాలంలో, 2003 ప్రాంతంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం మొదలైంది. అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఆవాసాల్లో అది నడిచింది. రైతులే వానమానిలో వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాశారు, ఆ అంకెలను ఊళ్లో గోడమీది బోర్డు మీదికి ఎక్కించారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసిన నీరెంత అని లెక్కగట్టారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క చూసిన రైతు వరి తగ్గించుకోవాలా వద్దా అన్నది తనే తేల్చుకున్నాడు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాల మీద తెచ్చిన నివేదిక ఈ ప్రయత్నాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ ఫలితాలు చెప్పినంత గొప్పవా అని ప్రశ్నించిన పరిశీలనలూ తర్వాత వచ్చాయి. వాటినీ కలుపుకొనే చెబుతున్నాను, ఎందుకంటే బోర్డు పనిచేసిన తీరు మాత్రం స్పష్టం: సమాచారం సభ్యులదే, కొలిచే రోజు ముందే తెలుసు, రాసే మనిషి ఫలానా అని తెలుసు, బోర్డు మీది అంకె చివరికి ఒక సమావేశంలో చర్చకు వచ్చేది. ఈ నాలుగింటిలో ఏది పోయినా బోర్డు వట్టి గోడే. నేటి గ్రూపుల్లో తరచుగా నాలుగూ ఉండవు. ఎక్కడి నుంచో వచ్చిన ఫార్వర్డులు, వేళాపాళా లేని రాత, ఎవరు పెట్టారో ఎందుకు పెట్టారో తెలియని ఫోటోలు. సమావేశంలో ఆ ఊసే రాదు.

అందుకని మొదట తేల్చుకోవాల్సింది మనిషి సంగతి. రాయలసీమ చెరువుల కింద నీరుగంటి అని ఒక పనివాడుండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలి అన్నది అతని పని. నీళ్లు అతనివి కావు, ఆయకట్టు అతనిది కాదు, పంట నూర్చాక రైతులు కొలిచిచ్చే గింజలే అతని జీతం. చివరి మడికి నీరు చేరకపోతే అడిగేది అతన్నే. గ్రూపు అడ్మిన్ సరిగ్గా ఇలాంటివాడు కావాలి. మన దగ్గర మాత్రం అడ్మిన్ అంటే హోదా, అధ్యక్షుడి పక్కన కుర్చీ. ఈ పనిని కమిటీ తీర్మానంతో ఒకరికి అప్పగించాలి, ఏం చేయాలో మినిట్స్ పుస్తకంలో రాయాలి, వీలైతే కొద్దిపాటి గౌరవ వేతనం ఇవ్వాలి. ఊరికే చేయించుకున్న పనికి జవాబుదారీ అడగడం కష్టం. ఆ ఒకరితో కలిపి అడ్మిన్లు ముగ్గురికి తక్కువ కాకూడదు, అందులో కనీసం ఒకరు మహిళ కావాలి. సిమ్ కార్డు సంఘం పేరు మీద ఉండాలి, గుమాస్తా సొంత నంబరు మీద కాదు. లేదంటే అతను మానేసిన రోజు పేజీ పాస్‌వర్డు, సభ్యుల నంబర్లు, పాత నోటీసులు అన్నీ అతనితోనే వెళ్లిపోతాయి. రెండంచెల ధ్రువీకరణ పిన్ను సీల్ చేసిన కవర్లో పెట్టి బీరువాలో ఉంచడం చిన్న పనే, చేసేవాళ్లే తక్కువ. సభ్యుడెవరో పెట్టిన తప్పుడు పోస్టుకు తమ మీద కేసు పడుతుందని కొందరు అడ్మిన్లు భయపడతారు. కలిసి పన్నిన పని కాకుంటే, సభ్యుడి రాతకు అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అలాగని చూస్తూ ఊరుకోవడం మర్యాద కాదు. తప్పుడు పోస్టును తీసేసే వీలు అడ్మిన్ చేతిలో ఉంది, వాడుకోవాలి.

ఇక రాసే తీరు. చాలా గ్రూపుల్లో నోటీసు ఇలా ఉంటుంది: "సభ్యులకు ముఖ్య గమనిక. విత్తనాలు వచ్చాయి. త్వరగా రండి." కింద మూడు పూలు, ఒక దండం బొమ్మ. ఏ విత్తనాలు, ఎక్కడికి రావాలి, త్వరగా అంటే ఎప్పటిలోగా? ఇరవై మంది ఫోన్ చేసి అడుగుతారు, నలభై మంది అడగరు. ఇదే మాటను ఇంకోలా రాయవచ్చు: "17వ తేదీ సోమవారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సంఘం గోడౌన్‌లో కె-6 వేరుశనగ విత్తనకాయలు ఇస్తాం. జూన్ 5 లోగా పేరు రాయించుకున్న సభ్యులకు. పాస్‌పుస్తకం జిరాక్సు, ఆధార్ తీసుకురండి. డబ్బు అక్కడే కట్టాలి. ఆ రోజు రాలేనివాళ్లు 19 లోగా కార్యదర్శికి ఫోన్ చేస్తే వాళ్ల కాయలు పక్కన పెడతాం." నా దృష్టిలో ఇందులో అన్నిటికన్నా విలువైనది చివరి వాక్యం. రాలేని మనిషిని నోటీసు రాసేటప్పుడే తలచుకున్నారని అది చెబుతుంది. అదే నోటీసును ముప్పై, నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టాలి. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే సభ్యులకు కన్నడంలో ఇంకొకటి. చదువురాని సభ్యురాలు మనవడిని బతిమాలాల్సిన అవసరం అప్పుడుండదు. గ్రూపులో లేని సభ్యుల జాబితా కాగితం మీద విడిగా ఉండాలి, ఆ పేర్లకు ఊరివారీగా ఒక్కో బాధ్యుణ్ని కేటాయించాలి, చెప్పిన ప్రతి పేరు ఎదుట టిక్కు పెట్టించాలి. ఈ టిక్కు నీలం టిక్కుకన్నా నమ్మదగింది. గడువు ఉన్న విషయాల్లో ఇది ప్రాణం లాంటిది. వడగళ్ల వంటి స్థానిక విపత్తులో పంట దెబ్బతింటే 72 గంటల్లో తెలియజేయాలన్నది ఫసల్ బీమా నిబంధన. ఈ-క్రాప్‌లో పంట నమోదు గడువు తప్పితే ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా లాభం తక్కువ. అలాంటి కబురు శుభోదయాల కింద, చీనీకాయల రేట్ల కింద, ఎవరిదో పెళ్లిరోజు కేకు కింద కూరుకుపోతే తప్పు సభ్యుడిదా?

ఏం పెట్టకూడదో కూడా తీర్మానం చేయాలి. బాకీదారుల పేర్లు గ్రూపులో పెట్టడం కొన్ని చోట్ల వసూలు పద్ధతిగా చలామణీ అవుతోంది. నా మటుకు ఇది పొదుపు సంఘం చేయగల అతి పెద్ద తప్పు. వాయిదా కట్టలేని మనిషి కష్టం పదిమంది మహిళల మధ్య కూర్చుని మాట్లాడుకోవాల్సింది, భర్తల ఫోన్లలో తిరగాల్సింది కాదు. ఆధార్, పాస్‌పుస్తకం, బ్యాంకు ఖాతా ఫోటోలను గ్రూపులో అడగకూడదు, ఎవరైనా పెడితే వెంటనే తీసేయాలి. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటానికి 2023లో చట్టమే వచ్చింది. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు పేరుతో తిరిగే ఏపీకే ఫైళ్లు నొక్కితే ఖాతా ఖాళీ అవుతుందని, మోసపోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని నెలకోసారి గుర్తు చేయడం మంచిది. పార్టీల సంగతి వేరే చెప్పాలి. ఈ సీమలో ఒక్క రాజకీయ ఫార్వర్డు చాలు, వేరుశనగ ధర కోసం ఏకమైన మనుషులు సాయంత్రానికి రెండు ముఠాలుగా విడిపోవడానికి. మన పార్టీవాడి పోస్టయితే చూసీచూడనట్టు పోయి, అవతలివాడిది మాత్రం తీసేసే అడ్మిన్ కన్నా అసలు అడ్మిన్ లేకపోవడమే నయం.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. నోటీసులకే గ్రూపును పరిమితం చేసి, అడ్మిన్లు మాత్రమే రాసేలా మూసేస్తే సభ్యుల నోరు నొక్కినట్టు కాదా? కమిటీని ప్రశ్నించడానికి సామాన్య సభ్యుడికి దొరికిన ఒక్క చోటూ పోదా? ఈ భయం ఉత్తది కాదు. అడ్మిన్లు మాత్రమే రాసే వీలు వాట్సాప్‌లో 2018లో వచ్చింది. లెక్క అడిగిన మర్నాడే గ్రూపును మూసేయాలనుకునే అధ్యక్షుడికి అది చేతికందిన తాళమే. కాబట్టి నోటీసు గ్రూపును మూయడానికి ఒక షరతు పెట్టాలి: ప్రశ్నలకు ఇంకో దారి తెరిచి ఉంటేనే అది మూసి ఉండాలి. 2022లో వచ్చిన కమ్యూనిటీ ఏర్పాటుతో ఒకే గొడుగు కింద నోటీసులకు ఒకటి, ఊరివారీ మాటామంతీకి ఇంకొన్ని గ్రూపులు పెట్టుకోవచ్చు. సభ్యుడు ఏ గ్రూపులో అడిగినా, నోటితో అడిగినా ఆ ప్రశ్న ఒక పుస్తకంలోకి ఎక్కాలి, వారంలోగా జవాబు రాయాలి, తదుపరి సమావేశంలో ప్రశ్నా జవాబూ రెండూ చదవాలి. ఎవరినైనా గ్రూపు నుంచి తీసేయాలంటే ముందు విడిగా చెప్పాలి, తర్వాత హెచ్చరించాలి, అప్పటికీ వినకపోతే కొన్నాళ్లు తీసేయాలి. పూర్తిగా తీసేయడానికి కమిటీ తీర్మానం ఉండాలి. ఉమ్మడి ఆస్తులను ఊళ్లు ఎలా కాపాడుకుంటాయో దేశదేశాల్లో పరిశీలించి 1990లో పుస్తకం రాసి, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ తేల్చినదీ ఇదే. నియమాలు పాటించాల్సినవాళ్లే వాటిని రాసుకున్నచోట, తప్పుకు తగినంతే శిక్ష ఉన్నచోట, తగువు తీరే చోటు దగ్గరలో ఉన్నచోట ఉమ్మడి ఏర్పాట్లు తరాల తరబడి నిలిచాయి. నిజానికి తెరిచి ఉంచిన గ్రూపులో ప్రశ్న బతుకుతుందన్న నమ్మకమే నాకు తక్కువ. పొద్దున అడిగిన లెక్క మధ్యాహ్నానికి వందో మెసేజ్ కింద ఉంటుంది. పుస్తకంలో రాసిన ప్రశ్న అక్కడే ఉంటుంది.

అయితే నిర్ణయాలు కూడా గ్రూపులోనే ఎందుకు చేయకూడదు? వానల్లేని సాలు కదిరి, తలుపుల వైపు నుంచి బెంగళూరుకు, కేరళకు వలస పోయిన సభ్యులు నెలవారీ సమావేశానికి ఎలా వస్తారు? ఈ వాదనలో బలముంది. వలస సభ్యుడికి సెల్లు ఒక్కటే సంఘంతో మిగిలిన తాడు. అందుకే అజెండాను వారం ముందే అతనికి పంపాలి, అభిప్రాయాన్ని వాయిస్‌గా తెప్పించుకుని సమావేశంలో వినిపించాలి, తీర్మానాన్ని ఆ సాయంత్రమే తిరిగి పంపాలి. బైలా ఒప్పుకుంటే వీడియో కాల్‌లో కూర్చోబెట్టాలి. కానీ బొటనవేలి బొమ్మలు లెక్కపెట్టి అప్పు మంజూరు చేయడం, కొనుగోలు ధర తేల్చడం వేరే సంగతి. ఆ బొటనవేలు ఎవరిదో, సభ్యురాలిదో ఆమె కొడుకుదో ఎవరూ చెప్పలేరు. ఎదుటి మనిషి అభ్యంతరం పూర్తిగా విని మనసు మార్చుకునే అవకాశం అక్కడ లేదు. రేపు తగువు వస్తే చూపించడానికి సంతకం లేదు. గ్రూపులో చర్చ మొదలు కావచ్చు, తీర్మానం మాత్రం కోరం ఉన్న సమావేశంలో, పుస్తకం మీద జరగాలి.

బయటి ప్రపంచానికి చూపే పేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొర్రలు, వేరుశనగ నూనె నగరాల్లో అమ్ముకునే రైతు సంఘానికి అది అవసరమే. ఒక్క జాగ్రత్త చాలు. రైతులు ఒకరి చేను ఒకరు తనిఖీ చేసి సేంద్రియమని హామీ ఇచ్చే పద్ధతిలో, పేజీ మీది ప్రతి మాటా సభ్యులందరి పరువు. చేలో లేని గొప్పను ఫోటోలో చూపిస్తే దెబ్బ తినేది నిజాయితీగా పండించిన పక్క రైతు. సభ్యుడి ముఖం, పొలం, పిల్లలు పేజీలో కనిపించాలంటే ముందు ఆ సభ్యుణ్ని అడగాలి. పేదరికాన్ని పోస్టరు చేసి విరాళాలు అడిగే అలవాటు ఈ ప్రాంతానికి చేసిన మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇదంతా చేయడానికి తీరిక ఎక్కడిదని మీరు అడగవచ్చు. రోజుకు ఒక నోటీసు, వారానికి ఒకసారి ప్రశ్నల పుస్తకం, నెలకు ఒకసారి జాబితా సరిచూసుకోవడం, అంతకన్నా ఉండదు. పూల బొమ్మలకు జవాబు పెట్టే సమయం ఇందులోకి మళ్లిస్తే మిగులు కూడా ఉంటుంది. ఈ నెల సమావేశం అజెండాలో ఒక్క అంశం చేర్చండి. సభ్యత్వ రిజిస్టరు ముందు పెట్టుకుని, గ్రూపులో ఉన్న నంబర్లను పేర్లతో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఎవరి నంబరు లేదో, ఎవరి నంబరు వేరేవాళ్ల జేబులో ఉందో రాసుకుని, ఆ పేర్లను ఊరివారీగా పంచుకున్నాకే సమావేశం ముగించండి.